ప్రేక్షకులా, పృచ్ఛకులా?

2024 డిసెంబరు 28, 29 తేదీలలో విజయవాడ కొత్తపేటలోని కాకరపర్తి భావనారాయణ కళాశాలలో ఆరవ ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు జరిగినవి. పటమటలో నివసించు తెలుగు అధ్యాపకునకు అట్టి సభకు పోవుట ఒక ప్రయాణమే కాదు. ఉదయము కాఫీ త్రాగి సిటీ బస్సెక్కినచో ప్రారంభోపన్యాసము నాటికి కుర్చీలో నుండవచ్చును. మధ్యాహ్నము విసుగు పుట్టినచో ఇంటికి వచ్చి ఒక కునుకు తీసి, సాయంకాలపు కవిసమ్మేళనమునకు మరల పోవచ్చును. కాని ఆ పటమట మీదుగనే బందరు రోడ్డున అవనిగడ్డ వైపు పోవు బస్సులు కూడ ఉన్నవి. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటిన తరువాత, కృష్ణ సముద్రమున కలియుటకు సిద్ధపడుచున్న చోట నాగాయలంక యున్నది. సభను ఆ చివరనుండి చూచినచో దాని రూపము వేరు.

అచ్చటి ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించు ఉపాధ్యాయిని యొకరిని ఊహింపవచ్చును. ఆ తీరపు జాలరులు పడవ భాగములకు, వలలకు, గాలులకు, ఆటుపోటులకు వాడు మాటలను ఆమె పదేండ్లుగా నోటుపుస్తకములలో వ్రాసి పెట్టుచున్నారు. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదములతో ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశము వంటి మహాకార్యములకు ముడిసరుకు ఇట్టి నోటుపుస్తకములలోనే యుండును. ఆ మాటలలో కొన్ని ఆమె తరగతిలోని పిల్లల తాతల నోట మాత్రమే మిగిలియున్నవి. వానిని గూర్చి పండితుల యెదుట పది నిమిషములు మాటలాడవలెనని ఆమె కోరిక. డిసెంబరు 28 శనివారము, బడి యున్న దినము. ఇంట మంచము పట్టిన అత్తగారున్నారు. ఉదయపు సభకు అందవలెనన్నచో తెల్లవారుజామున బస్సెక్కవలెను. సాయంకాలపు సమావేశము ముగిసిన పిమ్మట తిరుగు బస్సు దొరకునో దొరకదో తెలియదు. నగరములో బస, భోజనము, ప్రవేశరుసుము అన్నియు కూడిన తరువాత ఆ పది నిమిషములు ఆమెకు అందని మ్రానిపండే యగును. నష్టము ఆమెదని లోకము తలచును. నిజమునకు నష్టపడినది సభ. ఆ మాటలు వినవలసిన చెవులు విజయవాడలో నుండగా, చెప్పవలసిన నోరు నాగాయలంకలోనే యుండిపోయినది.

ఆమె వంటివారు ఒకరిద్దరు కారు. మూడవ అంతస్తులోని సభాభవనమునకు మెట్లెక్కలేని వికలాంగుడైన అధ్యాపకుడు ఉన్నాడు. చంటిబిడ్డ తల్లియైన పరిశోధక విద్యార్థిని యున్నది. తమిళనాడులో 2006 నాటి తమిళాభ్యసన చట్టము తరువాత తెలుగు మాధ్యమపు తరగతులు తరిగిపోవుచుండగా హోసూరు ప్రాంతమున తెలుగును అంటిపెట్టుకొని యున్న ఉపాధ్యాయులు ఉన్నారు. ఒడిశాలోని బరంపురమునను, కర్ణాటకలోని బళ్లారి ప్రాంతమునను తెలుగు చదువుకొను పిల్లలున్నారు. తెలుగు సభలు ఎవరికి మిక్కిలి అవసరమో, ఆ సభలకు రాలేనివారు సరిగా వారే. ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదునను, 1981లో కౌలాలంపూరునను, 1990లో మారిషస్‌నందును, 2012లో తిరుపతిలోను, 2017లో మరల హైదరాబాదులోను జరిగినవి. ఇందులో రెండు సభలకు సముద్రము దాటిపోవలసి వచ్చినది. గ్రామసీమలలోని బడిపంతులు వానిని గూర్చి పత్రికలలో చదువుకొని తృప్తి పడినాడు. ఆనాడు అంతకంటె గత్యంతరము లేదు. నేడు కలదు. ఉన్న దారిని మూసి పెట్టుకొనుటయే నేటి తప్పు.

ఇంట నుండి సభలో పాల్గొనుట అంతర్జాలముతో పుట్టిన వింత యేమియు కాదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ‘భారతి’ 1991 వరకు వెలువడినది. అది మాసపత్రిక యనుట ఎంత నిజమో, అచ్చులో సాగిన విద్వత్సభ యనుటయు అంత నిజము. ఒక నెల ఒక పండితుడు ఒక శాసనమును గూర్చియో, ఒక కవి కాలమును గూర్చియో వ్యాసము ప్రకటించిన పిమ్మట, తరువాతి నెలలలో మరొక ఊరినుండి ఖండనమో, సవరణయో వచ్చెడిది. ఆ ఖండనము వ్రాసినవాడు పట్టణమునకు రాలేదు, రైలు చార్జీలు పెట్టుకోలేదు. తపాలా బిళ్ల ఖర్చుతో అతడు సభలో నిలిచి మాటలాడినాడు. అతని మాటకు బదులు చెప్పవలసిన భారము మొదటి పండితునిపై పడినది. ఇచ్చట గమనింపవలసినది ఈ చివరి సంగతియే. దూరమున నున్నవాని ప్రశ్నకు సమాధానము చెప్పుట ఆనాడు దయ కాదు, మర్యాద.

ఆ తరువాత వచ్చిన యంత్రములు ఈ మర్యాదను కొంత మరపించినవి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. ఉగాది కవిసమ్మేళనమును ఇంటింట వినిపించిన పుణ్యము రేడియోది. అరుగుమీద రేడియో పెట్టి ఊరంతయు కూడి విన్న ఆ దినములను పెద్దలు ఇప్పటికిని తలచుకొనుచుందురు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను పాఠములు పంపిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములు కూడ చేరియున్నవి. ఇవి గొప్ప మేలు చేసిన సాధనములే. అయినను రేడియోకు చెవి లేదు, టెలివిజనుకు కన్ను లేదు. అవి చెప్పును, వినవు. ఆ యలవాటు సభానిర్వాహకుల మనస్సులో నిలిచిపోయినది. దూరమున నున్నవాడనగా వినువాడే యనియు, అతనికి వినిపించినచో ఋణము తీరినదనియు ఒక భావము స్థిరపడినది.

2020 మార్చి చివర దేశమంతటను తలుపులు మూతపడినప్పుడు ఈ భావము కొంత కదలినది. సభాభవనములు లేవు. కావున ఇంటి గదులే సభాభవనములైనవి. ఆ సంవత్సరము అక్టోబరులో వంగూరి ఫౌండేషన్ ఆఫ్ అమెరికా మొదలగు సంస్థలు ఏడవ ప్రపంచ తెలుగు సాహితీ సదస్సును అంతర్జాలముననే జరిపినవి. వివిధ ఖండముల తెలుగువారు ఎవరి ఇంట వారుండి ప్రసంగించినారు. తెలుగువారికే కాదు, ప్రపంచమునకంతటికి ఇదే యనుభవము. నాలుగేండ్లకొకసారి జరుగు అంతర్జాతీయ గణితశాస్త్ర మహాసభ 2022 జూలైలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గున జరుగవలసి యుండగా, యుద్ధకారణముచే అంతర్జాలమునకు మారినది. ఆ సభలోని ఉపన్యాసములను నేటికిని ఏ ఊరి విద్యార్థియైనను విప్పి చూడవచ్చును.

తెలుగువారి విషయమున అంతకంటె ముచ్చటయైన ఉదాహరణము మరొకటి కలదు. అది అవధానము. తిరుపతి వేంకటకవుల కాలమునుండి అవధానమనగా కిక్కిరిసిన సభ, చప్పట్లు, వన్స్‌మోరులు. ఆ విద్య తెరపైకి ఎక్కునా యని అనుమానించినవారు పలువురు. ఎక్కినది. 2020 తరువాత అంతర్జాలములో అష్టావధానములు అనేకము జరిగినవి. అవధాని ఒక దేశమున, సమస్య నిచ్చువారు వేరొక దేశమున, దత్తపది నిచ్చువారు ఇంకొకచోట. దీనియందలి రహస్యము ఆలోచింపదగినది. అవధానమునకు ప్రేక్షకులు లేకున్నను జరుగును గాని పృచ్ఛకులు లేనిదే జరుగదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునకు అడ్డుపడవలెను. అప్రస్తుతప్రసంగి సమయము చూచి విసరవలెను. అనగా అవధానము దూరమున నున్నవానిని సభలోపలికి తీసికొని రాక తప్పని స్థితిలో నిలిపినది. కావుననే అది బ్రదికినది. ఇబ్బందులు లేకపోలేదు. మాట చేరుటలో అరక్షణపు ఆలస్యము వలన అప్రస్తుతప్రసంగి చమత్కారము అప్పుడప్పుడు చల్లారిపోవుచుండును. ఘంటాగణనమున గంట కొట్టినచో, ఆ యంత్రములు గంటను రోడ్డుమీది రొదగా భ్రమించి అణచివేయుటయు కలదు! ఆ గుణమును ఆపివేయు మీట యెచ్చట నున్నదో తెలిసికొనుట నేటి పృచ్ఛకులకు ఒక అర్హతయైనది.

అయితే ఆ దినములలోనే మరొక దుర్వ్యసనము కూడ పుట్టినది. దానిని దాచుట న్యాయము కాదు. వెబినార్ అను పేర కళాశాలలు పోటీలు పడి జాతీయ, అంతర్జాతీయ సదస్సులు ప్రకటించినవి. ఒకే దినమున పది సదస్సులకు హాజరైన మహానుభావులు ఉన్నారు. ప్రసంగము ముగియుటకు పది నిమిషముల ముందు హాజరు లింకు వచ్చును. ఆ పది నిమిషములకే ఆసీనులగువారు కొందరు. లింకులో పేరు వ్రాసిన మరుక్షణమే ప్రశంసాపత్రము ఇంటికి చేరును. దానిపై పేరు తప్పు లేకుండ ఉన్నచో ఆనాటి విద్యావ్యాసంగము సఫలము. ఉద్యోగోన్నతికి మార్కులు కావలసిన అధ్యాపకులు ఈ వేడుకలో ముందు నిలిచిరన్న మాట చేదైనను నిజమే. దీని ఫలితముగా ‘ఆన్‌లైను సభ’ అనగానే పెద్దలు పెదవి విరుచుట మొదలైనది. కాని ఈ జబ్బు అంతర్జాలముతో రాలేదు. హాజరుపట్టీలో సంతకము చేసి సంచి పుచ్చుకొని మధ్యాహ్న భోజనానంతరము మాయమగు ప్రతినిధులను భవనములలోని సదస్సులు ఏనాడో చూచినవి. రోగము ప్రశంసాపత్రముది, తెరది కాదు.

ఇప్పుడు భవనములు మరల తెరచుకొన్నవి. ఇది సంతోషింపదగినదే. దానితోపాటు ఒక వెనుకడుగు కూడ పడినది. అనేక సభలలో దూరమున నున్నవారికి మిగిలినది యూట్యూబు ప్రసారము మాత్రమే. వేదికకు ఎదురుగ ఒక కెమెరా నిలబెట్టి ఉదయము తొమ్మిది గంటలకు మీట నొక్కుదురు. రాత్రి ఎనిమిదికి ఆపుదురు. మొదటి నలుబది నిమిషములు ఖాళీ కుర్చీలు, మైకు పరీక్షలు. ఆ తరువాత వక్తయొక్క పెదవులు కదలును గాని మాట వినబడదు. ఏలననగా కెమెరా తన చెవితోనే భవనపు ప్రతిధ్వనిని, పంకాల చప్పుడును కలిపి వినుచున్నది. సభలో ఒకరు లేచి ప్రశ్న వేయుదురు. వారి చేతిలో మైకు లేదు. తెరముందున్నవానికి ఒక నిశ్శబ్దము, తరువాత ఒక సమాధానము వినిపించును. ప్రశ్న ఏమో ఊహించుకొనవలెను. ఇక ప్రసారము క్రింద అతడు వ్రాసిన ప్రశ్నను చదువువారు లేరు. నాగాయలంక ఉపాధ్యాయినికి ఈ ఏర్పాటు వలన కలిగిన లాభమేమి? ఆమె ప్రేక్షకురాలైనది. జాలరుల మాటలు ఆమె నోటుపుస్తకములోనే యున్నవి.

కావున ఒక సభ దూరస్థులకు తెరచియున్నదా లేదా యని తేల్చుటకు కెమెరాలు లెక్కింప నక్కరలేదు. ఒక్క ప్రశ్న చాలును. ఊరిలో నున్న ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న భవనములో నున్న అందరికి వినబడి, వక్త ఆమెకు బదులు చెప్పినాడా? చెప్పినచో ఆమె సభ్యురాలు. లేనిచో ఆమె బయటి కిటికీ దగ్గర నిలుచున్నట్లే. కిటికీ ఎంత పెద్దదైనను కిటికీయే.

దీనికి కావలసిన సామగ్రి పెద్దది కాదు. మైకు సెట్టు వారి పెట్టెనుండి ఒక తీగను కంప్యూటరునకు కలిపినచో వక్త మాట నేరుగ తెర వెనుకకు పోవును. ఈ ఒక్క తీగ లేకపోవుట వలననే సగము సభలు చెడిపోవుచున్నవి. కెమెరాకు వేలు ఖర్చు పెట్టి తీగకు వెనుదీయుట విచిత్రము. బొమ్మ మసకగా నున్నను మాట స్పష్టముగ నున్నచో సభ నడచును. బొమ్మ ఎంత కాంతిగ నున్నను మాట వినబడనిచో అది మూకాభినయమే. డెల్టా చివరి పల్లెలలో సెల్‌ఫోను సంకేతము వచ్చుచు పోవుచుండునన్నది తెలిసినదే. బొమ్మను ఆపి మాట మాత్రము వినుచు, తన వంతు వచ్చినప్పుడు మాట మాత్రము వినిపించుచు పాల్గొనుటకు వీలున్నది. నిర్వాహకులు దానిని తక్కువతనముగ చూడక, అదియు హాజరేయని ముందుగా ప్రకటించిన చాలును.

తీగకంటె ముఖ్యమైనది ఒక మనిషి. వేదికమీద అధ్యక్షుడున్నట్లే దూరసభ్యుల పక్షమున భవనములో ఒకరు కూర్చుండవలెను. ఆయనకు ఆ దినమున వేరు పని పెట్టరాదు. దండలు తెచ్చుట, భోజనపు టికెట్లు పంచుట ఆయనకు అప్పగింపరాదు. తెరపై ఎవరు చేయి యెత్తినారో చూచుట, వారి ప్రశ్నను నిలబడి చదువుట, వారి గొంతు వినబడనప్పుడు వక్తను ఆపుట ఆయన పని. కళాశాలలో ఒక చురుకైన విద్యార్థి చాలును. అధ్యక్షుని అడ్డగించు ధైర్యము మాత్రము ఆ విద్యార్థికి ముందుగనే ఇచ్చి యుంచవలెను. ప్రతి పత్రము తరువాత మొదటి ప్రశ్న దూరమున నున్నవారిది యను నియమము కూడ పెట్టుకొనదగినది. చివరకు మిగిల్చినచో వారి వంతు రాదు. అప్పటికి భోజనపు గంట మ్రోగును. గంటముందు ఏ ప్రశ్నయు నిలువదని సభలకు పోయినవారందరు ఎరుగుదురు.

పత్రములను ముందుగా పంపుట మరొక సంగతి. ఇచ్చట తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి యున్నది. అందరు దానిని గమనింపరు. తెలుగు లిపికి ప్రపంచమంతట చెల్లు యూనికోడు సంకేతములు 1991 నుండియు కలవు. అయినను సభల సంచికలు, సావనీర్లు అనేకము నేటికిని ‘అను’ మొదలగు పాత ఖతులలోనే కూర్చబడుచున్నవి. కంటికి అది చక్కని తెలుగే. కంప్యూటరు లోపల మాత్రము అది రోమను అక్షరముల గజిబిజి. అట్టి పత్రములో ఒక మాటను వెదకినచో దొరకదు. అంతకంటె బాధాకరమైనది మరొకటి కలదు. చూపు లేని విద్యార్థి తన ఫోనుచేత ఆ పత్రమును చదివించుకొనబోయినచో, అతనికి పోతన వచనమో పరిశోధన ఫలితమో వినబడదు, అర్థము లేని శబ్దముల వరుస వినబడును. తెలుగును చదివి వినిపించు సాధనములు నేడు సామాన్య సెల్‌ఫోనులోనే యున్నవి. వానికి తెలుగు అందకుండ చేయుచున్నది తెలుగు సభల అచ్చుపనియే! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దేశమున అమలులో నున్నది. సభకు ర్యాంపు వేయుట ఎంత అవసరమో, పత్రమును యూనికోడులో పంపుటయు అంత అవసరము. ర్యాంపునకు సిమెంటు కావలెను. దీనికి కూర్పువానితో ముందుగా ఒక మాట చెప్పిన చాలును. చెవులు వినబడనివారికి ఆ పత్రమే చేతిలో నున్నచో ఉపన్యాసము సగమునకు పైగా అందును.

కాలము సంగతి రెండు మాటలలో చెప్పవచ్చును. డిసెంబరులో విజయవాడ ఉదయము పది గంటలనగా న్యూయార్కున ముందటి రాత్రి పదకొండున్నర, లండనున తెల్లవారుజాము నాలుగున్నర. సాయంకాలము ఆరున్నరకు పెట్టినచో న్యూయార్కున ఉదయము ఎనిమిది, లండనున మధ్యాహ్నము ఒంటిగంట, మారిషస్‌లో సాయంకాలము అయిదు, కౌలాలంపూరున రాత్రి తొమ్మిది. మెల్‌బోర్ను వారికి మాత్రము అర్ధరాత్రి తప్పదు. అందరిని తృప్తిపరచు గడియ లేదు గాని, దూరపువారు పాల్గొను సమావేశము ఒక్కటియైనను సాయంకాలమునకు జరిపినచో ఆ ఉపాధ్యాయిని కూడ బడి ముగించుకొని వచ్చి కూర్చుండగలదు.

సభ ముగిసిన పిమ్మట మిగులు నిధిని గూర్చి కూడ ఒక మాట. పదకొండు గంటల దృశ్యమును ఒకే ముద్దగా అంతర్జాలమున పడవేసినచో దానిని విప్పి చూచువాడుండడు. ఒక్కొక్క పత్రమును విడదీసి, వక్త పేరు, విషయము వ్రాసి పెట్టినచో అది గ్రంథాలయమగును. తొమ్మిదవ తరగతి విద్యార్థికి తన వాచకములోని కవి స్వరము వినవలెనని కుతూహలము పుట్టినప్పుడు అది దొరకవలెను. ఈ పని రెండు మూడు సాయంకాలముల శ్రమ. సన్మానపత్రముల కూర్పునకు పట్టు కాలము ఇంతకంటె తక్కువ కాదు.

ఉపాధ్యాయులు విడివిడిగ ఇంట ఫోను పట్టుకొని కూర్చుండుట కంటె మేలైన మార్గము ఒకటి కలదు. దానికి మాతృక కూడ తెలుగునాటనే పుట్టినది. 1982లో హైదరాబాదున స్థాపింపబడి, నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములో ఆ తరహా విద్యాలయములలో మొదటిది. దూరవిద్య యన్నంత మాత్రమున విద్యార్థిని ఒంటరిగ వదలివేయక, ఊరూర అధ్యయన కేంద్రములను నెలకొల్పి అచ్చట నలుగురిని కూర్చుట దాని పద్ధతి. సభలకు కూడ అట్టి కేంద్రములు కావలెను. వానికి కొత్త భవనములు కట్ట నక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని అనేక ప్రభుత్వ పాఠశాలలలో 2023 నుండి తరగతి గోడకు పెద్ద తెరలు అమర్చబడినవి. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఫైబర్‌నెట్ తీగలు రాష్ట్రమున అనేక గ్రామములకు చేరినవి. ఆదివారము ఆ తెరలు ఊరక నల్లగా నుండును.

ఒక ఆదివారము నాగాయలంక పాఠశాలలో ఆ తెర వెలుగును. చుట్టుపట్ల పల్లెలనుండి పదిమంది ఉపాధ్యాయులు, ఇరువదిమంది విద్యార్థులు వచ్చి కూర్చుందురు. ఉపాధ్యాయిని లేచి తన నోటుపుస్తకము విప్పును. ఆమె ప్రక్కన ఒక ముసలి జాలరి కూడ కూర్చుండవచ్చును. విజయవాడ సభాభవనములో ఒక ఆచార్యుడు, ‘ఈ మాటను మీ వైపు ఎట్లు పలుకుదురు?’ అని అడుగును. ఆ తాత పలికి వినిపించును. అట్టి పలుకు ఏ ఆచార్యుని బస్సెక్కించినను విజయవాడలో దొరకునది కాదు. దూరమునుండి పాల్గొనుట లోపమని తలచువారు ఈ ఘట్టమును ఊహించి చూడవలెను. ఇచ్చట దూరమే సంపద. విశాఖపట్టణపు తీరమునుండి మరొక ఉపాధ్యాయుడు లేచి, ‘మా వైపు ఆ వలను వేరొక పేరుతో పిలుతురు’ అనవచ్చును. ఒక్క అరగంటలో ఒక చిన్న పదకోశమునకు బీజము పడును. విద్యార్థులకు కూడ పరిశోధన యనగా పుస్తకమునుండి పుస్తకమునకు వ్రాసికొనుట కాదనియు, తమ తాత నోటిలో నున్నది కూడ శాస్త్రమునకు పనికివచ్చుననియు కంటికి కట్టును. ప్రత్యక్షముగ సభకు పోవు ఉపాధ్యాయునకు కొన్ని వేళల ‘ఆన్ డ్యూటీ’ లభించుచున్నది. ఇట్టి కేంద్రమును నడిపినవారికి అది ఇచ్చుటలో ప్రభుత్వమునకు నష్టమేమియు కనబడదు.

దీనికి ఆక్షేపణలు ఉన్నవి. అందరికి తెర ఇచ్చినచో భవనమునకు వచ్చువారెవరని నిర్వాహకుల భయము. ప్రతినిధుల రుసుముతోనే వారు భోజనములు, అచ్చుఖర్చులు గడుపుకొనవలెను. ఈ భయము త్రోసివేయదగినది కాదు. కాని రాగలిగినవారు తెర యున్నదని మానరు. తెలుగువానికి సభ యనగా తిరునాళ్ల వంటిది. దూరమునుండి పత్రము చదువువారి వద్ద కొద్దిపాటి రుసుము తీసికొనుట తప్పు కాదు. వినువారి వద్ద, విద్యార్థుల వద్ద మాత్రము తీసికొనరాదు. ఆ రుసుము తీసికొన్న దినమున నిర్వాహకునికి కూడ వారు ప్రతినిధులేయన్న జ్ఞాపకముండును. ఉచితముగ చూచువానిని మరచిపోవుట సులభము.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. సభలో అసలు సభ వరండాలో జరుగునని అనుభవజ్ఞులు చెప్పుదురు. టీ గ్లాసు చేత పట్టుకొని ఒక పెద్దాయన యథాలాపముగ అన్న మాటతో ఒకని పరిశోధన మలుపు తిరిగిన సందర్భములు ఉన్నవి. వేదికమీద విభేదించినవారు భోజనపు బంతిలో ప్రక్క ప్రక్కన కూర్చుండి పప్పు వడ్డించుకొనుచు రాజీపడుట ఉన్నది. తెరకు వరండా లేదు. విశ్రాంతి వేళ జూమ్‌లో చిన్న చిన్న గదులు తెరచి కూర్చుండబెట్టుట కొందరు చేసి చూచినారు. అది పెళ్లిచూపుల వలె బిగుసుకొని పోవును. ఈ లోటు తీరునదని చెప్పుట అబద్ధమగును.

అయినను, వరండాలో ఎవరు ఎవరితో మాటలాడుదురో చూచినచో ఇంకొక సంగతి కూడ తెలియును. పరిచయమున్నవారు పరిచయమున్నవారితోనే మాటలాడుదురు. నాగాయలంకనుండి తొలిసారి వచ్చిన ఉపాధ్యాయిని ఆ వరండాలో ఒక స్తంభము ప్రక్కన నిలిచి, టీ చల్లారునంత వరకు ఎవరైన పలుకరింతురేమోయని చూచి, బస్సు వేళయైనదని వెడలిపోవును. ముందొక సభలో ఆమె తెరపై ప్రశ్న అడిగి యున్నచో, ఆమె పదములు ఒక ఆచార్యుని నోటుపుస్తకములోనికి ఎక్కియున్నచో, వచ్చే డిసెంబరున ఆమె పటమట దగ్గర బస్సు దిగునప్పటికి ఆమెను వెదకుకొను మనిషి ఒకడు ఆ వరండాలో నుండును.